బంతాటకు కట్టిన మేడలు

అది 2019 జులై మాసం. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బాటన్ రూజ్ నగరంలో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు తమ ఫుట్‌బాల్ జట్టు కోసం కొత్తగా తీర్చిదిద్దిన శిక్షణ భవనాన్ని ప్రజలకు చూపించారు. దుస్తులు మార్చుకునే గదిలో ఆటగాడికొక అర ఉన్నది. అందులోని ఆసనాన్ని వెనక్కు వాల్చితే, విమానంలో మొదటి తరగతి ప్రయాణికుడికి అమరినట్టు, పడక అవుతుంది. మొత్తం పనికి అయిన వ్యయం 2 కోట్ల 80 లక్షల డాలర్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి ఆచార్యుడొకరు మరొక దృశ్యాన్ని చిత్రించి పదిమంది ముందూ పెట్టారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో నీరు కారుతున్నది!

రెండు బొమ్మలూ పక్కపక్కన చేరేసరికి అభిమానుల మధ్య వాదం రాజుకున్నది.

ఈ ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని, శిరస్త్రాణాలూ భుజకవచాలూ ధరించిన యువకులు ఒకరినొకరు ఢీకొంటూ ముందుకు సాగే ఆట. ఆడేది విద్యార్థులే అయినా బాటన్ రూజ్ క్రీడాంగణంలో లక్షా రెండువేల మందికి పైగా కూర్చుంటారు. వారిలో ఆ విద్యాలయంలో చదివినవారున్నారు, దాని గడప తొక్కనివారూ ఉన్నారు. శరదృతువులో శనివారం వచ్చిందంటే, ఆటకు ఎన్నో గంటల ముందే మైదానం చుట్టూ గుడారాలు వెలుస్తాయి. పెద్ద పెద్ద గిన్నెలలో రొయ్యలూ మాంసమూ వేసి గంబో అనే పులుసు కాస్తారు. అది మరిగేలోగా జట్టు యోగక్షేమాలన్నీ చర్చకు వస్తాయి. ఏ విశ్వవిద్యాలయం ఎంత పెట్టి ఏం కట్టిందన్నది అందులో ముఖ్యాంశం.

భవనాన్ని సమర్థించేవారి మాట సూటిగా ఉంటుంది. దాతలు ఆట కోసం ఇచ్చిన సొమ్ము ఆటకే చెందాలి. భవనం కట్టకపోతే ఆ డబ్బు గ్రంథాలయానికి వచ్చేదా? రాదు. న్యాయశాస్త్రం దృష్టిలో ఈ మాటకు తిరుగులేదు. అయితే పడకలకు దాతలను వెతికి పట్టుకోగలిగిన విద్యాలయానికి పైకప్పు బాగుచేయించే దాత ఎందుకు దొరకడు, అన్న ఎదుటిపక్షం ప్రశ్నకు అది సమాధానం కాదు. 2020 జనవరిలో ఆ జట్టు 15 ఆటలకు 15 గెలిచి జాతీయ విజేత అయింది. ఆ జయధ్వానాలలో గ్రంథాలయం ఊసు ఎవరికి వినిపిస్తుంది?

అసలు ఈ మేడల పోటీ ఎందుకు పుట్టింది? కారణం వింతైనది. కళాశాల క్రీడలను శాసించే జాతీయ సంఘం విద్యార్థి వేతనం తీసుకోరాదని దశాబ్దాల తరబడి నిషేధించింది. చదువుకూ, బసకూ, భోజనానికీ మించి ఏమీ ముట్టరాదు. టెలివిజన్ ద్వారా కోట్లు వచ్చిపడుతున్నవి; ఆడే కుర్రవాడికి ఇవ్వకూడదు. ఇక ఆ సొమ్ము శిక్షకుల జీతాలలోకి, ఇటుకలలోకి, పాలరాతిలోకి ప్రవహించింది. పదిహేడేళ్ళ బాలుడు చేరబోయే ముందు నాలుగైదు విద్యాలయాలు చూసివస్తాడు. అతని కన్ను చెదరాలి. కట్టడాల పరమార్థం అదే.

నైకీ సంస్థ స్థాపకులలో ఒకరైన ఫిల్ నైట్ తాను చదువుకున్న ఓరెగన్ విశ్వవిద్యాలయానికి 2013లో కట్టించి ఇచ్చిన భవనానికి సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్లు అయినవని చెబుతారు. కసరత్తు గదికి బ్రెజిల్ నుంచి తెచ్చిన గట్టి కలప పరిచారు. క్షౌరశాల కూడా ఉన్నది. దక్షిణ కరొలైనాలోని క్లెంసన్ వారు 2017లో 5 కోట్ల 50 లక్షలతో కట్టిన దానిలో పై అంతస్తు నుంచి కిందికి జారే బల్ల, చిన్న గోల్ఫు మైదానం, పగటి నిద్రకు గది ఉన్నవి. జారుబల్ల! ఆరడుగుల మల్లులకు.

మేడ కడితే గెలుపు వస్తుందా? ఓరెగన్ జట్టు 2015 జనవరిలో తుది పోటీ దాకా వెళ్ళి ఓడిపోయింది. జాతీయ కిరీటం 2025 నాటికి కూడా దక్కలేదు. క్లెంసన్ జట్టు 2017 జనవరిలో విజేత అయ్యేనాటికి ఇంకా కొత్త ఇంట కాలు పెట్టనే లేదు.

శిక్షణ స్థలంలో నిజంగా ఉండవలసినదేమిటో 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో తెలిసివచ్చింది. మే నెలాఖరున పరుగుల అభ్యాసంలో పందొమ్మిదేళ్ళ ఆటగాడొకడు ఎండదెబ్బకు కుప్పకూలాడు. రెండు వారాలకు మరణించాడు. చల్లని నీటి తొట్టిలో వెంటనే ముంచి ఒంటి వేడి తగ్గించడం ఇందుకు ప్రథమ చికిత్స. ఆ పని జరగలేదని బయటివారి విచారణలో తేలింది. ఆగస్టులో విశ్వవిద్యాలయాధ్యక్షుడు బాధ్యతను బహిరంగంగా అంగీకరించారు. మంచునీటి తొట్టికి దాతలెవరూ అక్కరలేదు. దానిమీద పేరు చెక్కించుకోవడానికీ చోటుండదు.

2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరుతో, బొమ్మతో వ్యాపార ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఆ జులై నుంచి విద్యాలయాలే, తొలి ఏట 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు, క్రీడాకారులకు నేరుగా పంచే వీలు కలిగింది. దీనితో గుడారాల కింద లెక్క మారింది. తమ కానుక కొత్త కసరత్తు శాలకు పోవాలా, బంతి విసిరే కుర్రవాడి చేతికి పోవాలా? నిన్నటి దాకా ఇటుకలను సమర్థించినవారే నేడు, జారుబల్ల చూసి వచ్చే కుర్రవాడు ఇంకెక్కడున్నాడని అడుగుతున్నారు. కొందరు పెద్దలకిది మింగుడుపడదు. గోడ మీద పేరు నిలుస్తుంది గాని, మరుసటి ఏడే మరొక విద్యాలయానికి మారిపోగల ఆటగాడి మీద నిలవదని వారి బాధ. ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. ఈలోగా మైదానంలో బాజాలు మోగుతాయి. గిన్నెల మీద మూతలు పెట్టి అందరూ లేస్తారు.