మీకు తెలుసా? బాడీ వాష్‌లో ఉన్నది సబ్బు కాదు!

తిరుపతి, చిత్తూరు వైపు బోరు నీళ్లతో స్నానం చేసే చాలామందికి ఇది అనుభవమే: సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్‌కు తెల్లటి తెట్టు మాత్రం పడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారడమే కారణం. బాడీ వాష్‌లో సాధారణంగా సబ్బుకు బదులు సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్ లాంటివి ఉంటాయి. అవి ఉప్పునీళ్లలోనూ నురగనిస్తాయి. (మన కుంకుడుకాయ నురగ కూడా సబ్బుది కాదు, సపోనిన్లది.)

ఇక బాడీ వాష్‌లో చర్మం తేమ సంగతి చూసేది ఎక్కువగా గ్లిజరిన్. శెనక్కాయ నూనెతో సహా ప్రతి వంటనూనెలోనూ అది కొవ్వు ఆమ్లాలతో కలిసి ఉంటుంది. నూనెను క్షారంతో ఉడికించి సబ్బు చేసేటప్పుడు విడివడుతుంది. చాలా కంపెనీలు దాన్ని వేరుచేసి విడిగా అమ్ముకుంటాయి!

సీసా మీద బాదం బొమ్మ చూసి మురిసిపోకండి. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం 1 శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. మిగతావి ఆ తర్వాత ఎలాగైనా రాయొచ్చు. మొదటి పేరు దాదాపు ఎప్పుడూ నీళ్లదే. గ్లిజరిన్ ఆ వెనకే ఉందో, తోకన ఉందో చూసి కొనండి.