అంకె తెలుసు, సంఖ్య తెలుసా?

పిల్లలూ! గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి. మీ తమ్ముణ్ణో చెల్లెల్నో ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనండి. నేలమీద మూడు పిక్కలు వేయండి. కళ్ళు తెరిచి ఒక్క చూపు చూడగానే పిక్కల్ని అరచేత్తో మూసేసి, "ఎన్ని?" అని అడగండి. "మూడు" అని ఠక్కున చెబుతారు. ఈసారి ఎనిమిది వేసి అలాగే అడగండి. ఏడంటారు, తొమ్మిదంటారు, లేదా తెల్లమొహం వేస్తారు.

ఎందుకిలా? మూడు నాలుగు వస్తువులుంటే మనం లెక్కపెట్టనక్కరలేదు. చూపే చెప్పేస్తుంది. అంతకు మించితే లెక్కపెట్టాలి, లేదా గుంపులు చేయాలి. ఈ సంగతిని 1871లో ఇంగ్లండుకు చెందిన విలియం స్టాన్లీ జెవన్స్ తనమీద తానే పరీక్షించుకున్నాడు. చిక్కుడు గింజలను ఒక పెట్టెలోకి విసిరి, ఒక్క చూపులో ఎన్ని ఉన్నాయో చెప్పడం, తరువాత లెక్కపెట్టి సరిచూసుకోవడం. ఇలా వెయ్యిసార్లకు పైగా చేశాడు. మూడు, నాలుగు గింజలున్నప్పుడు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అయిదు నుంచి తప్పులు మొదలయ్యాయి. మన పెద్దలు నాలుగింటిని కలిపి 'పుంజీ' అంటారు, విన్నారా? చూపుకు అందేదీ ఇంచుమించు అంతే!

మీరు నేలమీద వేసిన పిక్కల్లో ఉన్నది సంఖ్య. పలకమీద రాసే '3' అంకె. అంకె కేవలం గుర్తు. ఆ గుర్తు వెనకాల ఎంత ఉందో మనసుకు తోచాలి. అలా తోచడమే సంఖ్యాజ్ఞానం. అది లేకుండా అంకెలు మాత్రమే నేర్పితే ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను.

నూట ముప్ఫై రెండు!

కొన్నేళ్ళ క్రితం ఆరవ తరగతిలో ఉష్ణోగ్రత పాఠం చెబుతున్నాను. బీకరులోని నీటిలో థర్మామీటరు పెట్టి చూస్తే 32 డిగ్రీలుంది. "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇంకా ఎన్ని డిగ్రీలు పెరగాలి?" అని అడిగాను. ఒక పిల్లవాడు 100 లోంచి 32 తీసివేసి, 132 అని రాశాడు. సున్నాలోంచి రెండు పోదు కాబట్టి రెండులోంచే సున్నా తీశాడు. మూడు దగ్గరా అదే పని. మిగిలిన ఒకటిని కిందికి దించాడు. వందలోంచి కొంత తీసేస్తే వంద కంటే ఎక్కువ మిగులుతుందా? అందరిముందూ "మొద్దబ్బాయ్" అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడు తల వంచుకున్నాడు.

ఆ ఆదివారం సంతకు వెళ్ళాను. ఆ అబ్బాయే వాళ్ళమ్మ పక్కన కూర్చుని నిమ్మకాయలు అమ్ముతున్నాడు. కాయ నాలుగు రూపాయలు. ఎనిమిది కాయలు తీసుకుని వంద నోటు ఇచ్చాను. "ముప్ఫై రెండు మాస్టారూ" అంటూ ముందు ఎనిమిది రూపాయల చిల్లర పెట్టి "నలభై" అన్నాడు. పది పెట్టి "యాభై" అన్నాడు. యాభై నోటు పెట్టి "వంద" అన్నాడు. లెక్క చూసుకున్నాను. అరవై ఎనిమిది!

వంద లోంచి ముప్ఫై రెండు. నేను తరగతిలో ఇచ్చిన లెక్కే అది. మొద్దు ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

బజారు లెక్క, బడి లెక్క

ఇది మా ఊరి ముచ్చట మాత్రమే కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల్ని పరిశోధకులు పరీక్షించి, 1985లో ఫలితాలు ప్రకటించారు. అమ్మకం దగ్గర ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అలాంటి లెక్కలనే వట్టి అంకెలతో ఇస్తే నూటికి 37 మాత్రమే సరిపోయాయి. వారిలో ఒక పన్నెండేళ్ళ అబ్బాయి కొబ్బరికాయలమ్మేవాడు. కాయ 35 క్రుజేరోలైతే పది కాయలెంత? పక్కన సున్నా చేర్చాలని వాడికి తోచలేదు. మూడు కాయలు 105, ఆరు 210, తొమ్మిది 315, ఇంకొకటి కలిపితే 350 అని కూడుకుంటూ వచ్చాడు. మార్గం పొడుగే, కాని ప్రతి అడుగూ వాడికి అర్థమైనదే!

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్ని పరిశీలించి, 2025లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన సంగతీ ఇదే. బజారులో చకచకా చిల్లర లెక్క చెప్పినవారు కాగితంమీది లెక్కలకు తడబడ్డారు. బజారులో పనిచేయని బడిపిల్లలు కాగితంమీద మెరుగ్గా చేశారు గాని, అమ్మకం లెక్క చెప్పమంటే తికమకపడ్డారు. అంటే రెండువైపులా తెలివి ఉంది. మధ్య వంతెనే లేదు. ఆ వంతెన చిన్న తరగతుల్లోనే వేయాలి.

మీరూ మాస్టార్లు కండి

ఈ పని మీరు కూడా చేయగలరు.

మొదటిది: పది పిక్కలు చూపించి, కొన్ని గుప్పిట్లో దాచండి. బయట ఆరుంటే గుప్పిట్లో ఎన్ని? పదిని ఎన్ని విధాల విడదీయవచ్చో ఈ ఆటతో వస్తుంది. 8 + 5 అడిగితే, అయిదులోంచి రెండు తెచ్చి పది చేసి, మిగిలిన మూడు కలపడం ఆపైన తేలిక.

రెండవది: చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టండి. 32 అంటే మూడు కట్టలు, రెండు పుల్లలు. రెండు పుల్లల్లోంచి ఎనిమిది తీయాలంటే ఒక కట్ట విప్పాలి. 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఇదే!

మూడవది: వైకుంఠపాళి ఆడండి. 14 గడిలో ఉండగా 3 పడితే "ఒకటి, రెండు, మూడు" అనవద్దు. "పదిహేను, పదహారు, పదిహేడు" అంటూ కాయ జరపమనండి. గడులకు వరసగా అంకెలు వేసిన ఆట ఆడిన చిన్నపిల్లలకు సంఖ్యల పరిమాణం బాగా పట్టుబడిందని అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో చూపించారు.

నాలుగవది: లెక్క చేసేముందు అంచనా అడగండి. "జవాబు వంద కంటే ఎక్కువ వస్తుందా, తక్కువా?" ఈ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ రోజు మా తరగతిలో 132 వచ్చేది కాదు.

సోమవారం నాడు ఆ అబ్బాయిని పిలిచి, "నీళ్ళు 32 దగ్గరున్నాయిరా. వందకు చేర్చాలి. నీ నిమ్మకాయల లెక్కలాగే" అన్నాను. మాట పూర్తి కాకుండానే "అరవై ఎనిమిది" అన్నాడు. ఆ మాట తరగతి అందరిముందూ చెప్పించాను. నేను తప్పుగా అన్నానని కూడా అందరిముందే చెప్పాను.

మీ తమ్ముడు లెక్క తప్పితే నవ్వకండి. పిక్కలు తీసుకుని పక్కన కూర్చోండి.