గేముల కంప్యూటర్‌కి మదర్ బోర్డు ఎలా ఎంచుకోవాలి?

కంప్యూటర్ కొనాలనుకునే తమ్ముళ్ళు మా గదికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ప్రాసెసర్ ఏది తీసుకోవాలి అన్నా?" అని. రెండోది గ్రాఫిక్స్ కార్డు ఎంతవుతుందని. మదర్ బోర్డు గురించి ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. అడగనందుకు మా నలుగురికి రెండు వేల ఐదు వందల రూపాయలు, బస్సు చార్జీలు నష్టం. వేసవి సెలవుల్లో కేటరింగ్ పనులకు వెళ్ళి, అర్ధరాత్రి దాకా ప్లేట్లు ఎత్తి దాచుకున్న డబ్బు అది. అందుకే మన వార్షికోత్సవ సంచికకు ఈసారి కవిత ఇవ్వకుండా ఈ వ్యాసం ఇస్తున్నాం.

మన హాస్టల్లోనే చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న కొత్త కంప్యూటర్ కొనుక్కుంటూ తన పాత రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, దాని కూలర్, ఎనిమిదేసి జి.బి. డి.డి.ఆర్.4 మెమరీ కార్డులు రెండు, ఎస్.ఎం.పి.ఎస్. మాకు సగం ధర కన్నా తక్కువకు, అదీ వాయిదాల మీద ఇచ్చారు. గ్రాఫిక్స్ కార్డు రేడియన్ ఆర్.ఎక్స్. 6600 సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. వార్డెన్ సారు స్టడీ హాలు మూలన టేబుల్ ఇచ్చారు. మామూలు రోజుల్లో ప్రోగ్రామింగ్, ఆటోక్యాడ్. గేములు ఆదివారం మధ్యాహ్నం మాత్రమే అని షరతు. ఇక మిగిలింది బోర్డు.

సాకెట్ సరిపోతే ఏ బోర్డయినా ఒకటే అనుకున్నాం. మా ప్రాసెసర్‌ది ఎఎం4 సాకెట్. ఎ520 చిప్‌సెట్ ఉన్నవాటిలో అన్నిటికన్నా చౌకైనది తెచ్చి బిగించాం. మొదటి పావుగంట గేము హాయిగా నడిచింది. ఇరవై నిమిషాలయ్యేసరికి బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్ళీ పెట్టాం. కూలర్ కింద పేస్టు మార్చాం. విండోస్ మళ్ళీ ఎక్కించాం. సెకండ్ హ్యాండ్ కార్డు అంటగట్టారని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాం కూడా. పాపం, అతని తప్పేమీ లేదు.

ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌లో వేడి, వేగం చూస్తే సంగతి బయటపడింది. ప్రాసెసర్ వేడి హద్దులోనే ఉంది, కానీ వేగం నాలుగు గిగాహెర్ట్జ్ పైనుంచి రెండు కిందికి పడిపోతోంది. బోర్డు మీద పవర్ భాగం వేడి మాత్రం వంద డిగ్రీలు దాటింది. మెస్ నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, కేబినెట్ పక్క రేకు తీసి బోర్డు మీదికి గాలి తిప్పాం. గేము మళ్ళీ హాయిగా నడిచింది. మీ కంప్యూటర్లోనూ ఇలాంటి తేడా వస్తే ముందు ఈ ఫ్యాను పరీక్ష చెయ్యండి, పైసా ఖర్చు లేదు.

ఇలా ఎందుకవుతుందంటే: ఎస్.ఎం.పి.ఎస్. ఇచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావలసింది సుమారు ఒకటింపావు వోల్టు. ఆ మార్పు చేసేది సాకెట్ పక్కన వరసగా ఉండే పవర్ స్టేజీలు. 5800ఎక్స్ డబ్బా మీద 105 వాట్లు అని ఉంటుంది గానీ, పూర్తి పని మీద 142 వాట్ల దాకా లాగనిస్తారు. అంత తక్కువ వోల్టేజీలో అన్ని వాట్లంటే వందకు పైగా ఆంపియర్లు. మన గదిలో తిరిగే 75 వాట్ల సీలింగ్ ఫ్యాను 230 వోల్టుల మీద తీసుకునేది ఆంపియర్‌లో మూడో వంతే!

ఆ కరెంటును ఎన్ని స్టేజీలు పంచుకుంటున్నాయన్నదే అసలు విషయం. అన్నం గుండిగను ఇద్దరు మోయడానికి, ఐదుగురు మోయడానికి ఉన్న తేడా అనుకోండి. ఇంటర్ ఫిజిక్సులో చదివిందే, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వంద ఆంపియర్లను నాలుగు స్టేజీలు పంచుకుంటే ఒక్కోదానికి 25. వర్గం 625, నాలుగింటికి 2500. అదే పది స్టేజీలైతే ఒక్కోదానికి 10. వర్గం 100, పదింటికి 1000. విడిభాగాలు ఒకే రకమనుకుంటే, నిరోధం వల్ల పుట్టే వేడి రెండున్నర రెట్లు తగ్గింది. మేం తెచ్చిన బోర్డు నాలుగు స్టేజీలది, దాని మీద హీట్ సింక్ కూడా లేదు. ఏప్రిల్ ఎండలో స్టడీ హాలు సంగతి మీకు చెప్పాలా? బోర్డు తనను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తోంది. ఇది ఎ520 చిప్‌సెట్ తప్పు కాదు, ఆ బోర్డు పవర్ భాగంలో చేసిన పొదుపు.

రెండోసారి సికింద్రాబాద్ సి.టి.సి.కి కాగితం మీద రాసుకుని వెళ్ళాం. చివరికి తీసుకున్నది ఎంఎస్ఐ మాగ్ బి550 టోమహాక్, వాడినదే. ప్రాసెసర్ కోర్లకు పది పవర్ స్టేజీలు, ఒక్కోదాని సామర్థ్యం 60 ఆంపియర్లు, వాటి మీద బరువైన హీట్ సింకులు. బి550 చిప్‌సెట్ 2020 జూన్‌లో వచ్చింది. మధ్యతరగతి చిప్‌సెట్ మీద పై తరగతి పవర్ భాగం పెట్టిన బోర్డు కాబట్టే ఇది మాకు అందింది. ఎఎం4లో సూదుల్లాంటి పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి, బోర్డు మీద రంధ్రాలే. అందుకని పాత బోర్డు కొనేటప్పుడు వంగిన పిన్నుల భయం తక్కువ. ఎఎం5లోనూ, ఇప్పటి ఇంటెల్ బోర్డుల్లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. అవి పాతవి కొంటే లైటు వేసి సాకెట్ చూడకుండా డబ్బు ఇవ్వకండి.

బి550లో మరో లాభం పిసిఐ ఎక్స్‌ప్రెస్ 4.0. ఎ520, బి450 బోర్డుల్లో 3.0 మాత్రమే. 4.0లో ఒక్కో లేను సెకనుకు సుమారు 2 జి.బి. మోస్తుంది, 3.0లో అందులో సగం. మామూలుగా గేముల్లో ఈ తేడా పెద్దగా కనబడదు. అయితే చవక కార్డుల్లో లేన్లు తగ్గిస్తారు. మా 6600కి ఎనిమిదే, 2022లో వచ్చిన 6500 ఎక్స్.టి.కి నాలుగే. నాలుగు లేన్ల కార్డును 3.0 బోర్డులో పెడితే, కార్డు మెమరీ నిండినప్పుడు బాగా దెబ్బతింటుంది. అంటే డబ్బు తక్కువున్నవాళ్ళకే ఈ విషయం ఎక్కువ అవసరం. మరో మెలిక ఉంది. రైజెన్ 5 5500, 5600జి ప్రాసెసర్లలో ఉన్నదే 3.0. వాటిని బి550లో పెట్టినా గ్రాఫిక్స్ కార్డుకి 4.0 రాదు. షాపువాళ్ళు ఇది చెప్పరు.

బయాస్ గురించి మాకు భయంకరమైన అనుభవం ఒకటుంది. కొత్త బయాస్ ఎక్కిస్తుండగా హాస్టల్లో కరెంటు పోయింది. వచ్చాక స్క్రీన్ నల్లగా ఉంది, ఎంత నొక్కినా లాభం లేదు. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఈ బోర్డు వెనక బయాస్ ఫ్లాష్ బటన్ ఉంటుంది. లైబ్రరీ కంప్యూటర్లో ఫైలు దించుకుని, పెన్ డ్రైవులో కంపెనీ చెప్పిన పేరుతో పెట్టి, ఆ బటన్ నొక్కాం. కొన్ని నిమిషాలు లైటు మిణుకుమంది, తరువాత ప్రాణం వచ్చింది. ప్రాసెసర్, మెమరీ లేకపోయినా ఇది పనిచేస్తుంది. యు.పి.ఎస్. లేని మనలాంటి వాళ్ళు బోర్డులో ఈ బటన్ ఉందో లేదో తప్పక చూడాలి.

రంగు లైట్లు, వైఫై, రెండో గ్రాఫిక్స్ కార్డు స్లాటు వంటి వాటికి మేం రూపాయి కూడా ఎక్కువ పెట్టలేదు. 2.5 గిగాబిట్ నెట్ పోర్టు ఉంది గానీ, హాస్టల్ లైనుకు అది దండగే. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాను ఉంటుంది. మన దుమ్ములో అది ఎన్నాళ్ళు తిరుగుతుందో అని వదిలేశాం. మెమరీ రెండు కార్డులైతే సాకెట్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్.ఎం.పి. ఆన్ చేయకపోతే 3200 మెమరీ అంతకన్నా చాలా తక్కువ వేగంతో నడుస్తూనే ఉంటుంది. మావి వారం రోజులు అలాగే నడిచాయి.

అన్నీ కొత్తగా కొనేవారైతే మా దారి పట్టనక్కర్లేదు. 2022లో వచ్చిన ఎఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఎ.ఎం.డి. ప్రకటించింది. దానికి డి.డి.ఆర్.5 మెమరీ తప్పనిసరి, 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. చేతిలో డి.డి.ఆర్.4 ఉన్నవాళ్ళకే ఎఎం4 లాభం.

కొత్త బోర్డుతో మొదటి పది నిమిషాల్లో ఫ్రేములు ఒక్కటి కూడా పెరగలేదు. తేడా గంట తర్వాత కనిపించింది. మే నెల మధ్యాహ్నం కూడా పవర్ భాగం డెబ్భై డిగ్రీలు దాటలేదు, ప్రాసెసర్ వేగం పడలేదు. పాత బోర్డును సెకండియర్ తమ్ముడికి సగం ధరకు ఇచ్చాం, ఎందుకు అమ్ముతున్నామో చెప్పే ఇచ్చాం. అతను దాని మీద 65 వాట్ల 5600జి పెట్టుకున్నాడు. మొన్న మేలో రోజంతా నడిపినా ఒక్కసారి కూడా ఆగలేదట. మెస్ టేబుల్ ఫ్యాను వంట మాస్టారికి తిరిగి ఇచ్చేశాం.