నాలుక తిమ్మిరెక్కించే చైనా కుండ

వైద్యవిద్యకు చైనా వెళ్ళిన తెలుగు పిల్లలను అక్కడి మిత్రులు విందుకు పిలిస్తే ముందు కుండలోకి తొంగిచూడాలి. చుంగ్‌చింగ్ నగరంలో భోజనబల్ల మధ్యనే పొయ్యి, దానిపై మరిగే ఎర్రని పులుసు. మాంసం, ఆకుకూరలు, పుట్టగొడుగులు ఎవరికి వారే పుల్లలతో ముంచి ఉడికించుకుంటారు. పలుచని బోటి ముక్కకు 15 సెకన్లు చాలు. చవకగా దొరికే ఈ బోటితోనే ఒకప్పుడు పడవ కూలీలు కడుపు నింపుకునేవారని చెబుతారు.

కారం గుంటూరు వారికి లెక్కకాదు. హువాజియావో అనే గింజల తొక్కే నాలుకను మొద్దుబారుస్తుంది! వెల్లుల్లి కలిపిన నువ్వులనూనెలో అద్దుకుంటే ఘాటు తగ్గుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఎర్ర పులుసును గొడ్డు కొవ్వుతో కాయడం అక్కడి ఆనవాయితీ. కూరలే ముంచుకున్నా కొవ్వు అంటక మానదు. తినని వారు నడుమ అడ్డుగోడ ఉన్న జంట కుండ అడగాలి. రెండోవైపు తెల్ల పులుసు ఎముకలతో కాచిందో, పుట్టగొడుగులతో కాచిందో వడ్డించే వారినే కనుక్కోవాలి.