కాగితంలో తేలిన బంకర్

‘గోల్ఫ్ కోర్సుల మీద ముఖచిత్ర కథనం, బుధవారానికల్లా ఇవ్వాలి’ అన్నారు ఎడిటర్ గారు. ఎకరాలకు ఎకరాలు పచ్చిక పెంచి అరచేతిలో పట్టే బంతి వెంట తిరిగే ఆటంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. కానీ పాత కబుర్లు తవ్వుతుంటే ఒక కాగితం నన్ను కట్టిపడేసింది. 2010 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో ఆటగాళ్ల కోసం అంటించిన స్థానిక నిబంధనల పత్రం అది.

అందులో మొదటి అంశమే బంకర్లు. బంకర్‌గా కట్టిన ప్రతి ఇసుక గుంతా బంకరేనట. చదును చేయకపోయినా, తాళ్లకు అవతల జనం నిలబడే చోట ఉన్నా సరే. అడుగుజాడలు, బండి చక్రాల గాళ్లు ఉంటే ఉంటాయి, వాటికి మినహాయింపు లేదు.

గుంతను గుంత అని గోడకు అంటించి చెప్పాల్సిన ఖర్మ ఏమిటి? ఆ కోర్సు అలాంటిది. విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న విస్లింగ్ స్ట్రెయిట్స్. ఒకప్పుడు సైనిక శిక్షణ జరిగిన బల్లపరుపు నేల. కోర్సు డిజైనర్ పీట్ డై వేల లారీల మట్టి, ఇసుక దింపించి దాన్ని ఐర్లండ్ తీరపు దిబ్బల్లా మలిచాడు. 1998లో తెరిచారు. బంకర్లు దాదాపు వెయ్యి! వాటిలో చాలావరకు ఆటకు అడ్డొచ్చేవి కావు, చూపులకే.

2010 పోటీలో ఆఖరి రోజు, ఆఖరి హోల్. డస్టిన్ జాన్సన్ ఒక్క స్ట్రోక్ ఆధిక్యంలో ఉన్నాడు. కొట్టిన బంతి కుడివైపు జనంలోకి పోయింది. వాళ్లను పక్కకు జరిపితే కనిపించింది తొక్కుడుకు నలిగిన ఇసుక నేల. పోలీసులు, కెమెరాలు, చుట్టూ గుమిగూడిన ప్రేక్షకులు. కొట్టే ముందు క్లబ్‌ను నేలకు ఆనించాడు. ఐదు స్ట్రోకుల్లో హోల్ ముగించి, ప్లేఆఫ్‌కు వెళ్తున్నాననుకున్నాడు. కానీ ఆ ఇసుక నేల బంకరే, బంకర్‌లో క్లబ్ ఆనించకూడదు. రెండు స్ట్రోకుల జరిమానా పడింది. ఐదు కాస్తా ఏడైంది. ప్లేఆఫ్‌లో బబ్బా వాట్సన్‌ను ఓడించి మార్టిన్ కైమర్ కప్పు పట్టుకెళ్లాడు. ఆ కాగితాన్ని ఇంకాస్త శ్రద్ధగా చూడాల్సిందని జాన్సన్ ఆ సాయంత్రం ఒప్పుకున్నాడు.

నిబంధన ప్రకారం తీర్పు సరైనదే. తప్పంతా డిజైన్‌దే అంటాను నేను. బంకర్ అన్నది ముందు ఆటగాడి కంట్లో పడాలి, బుర్రలో గుబులు పుట్టించాలి. జనం కాళ్ల కింద దాక్కున్న బంకర్ ఎవరినీ ఆలోచింపజేయదు.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు 17వ హోల్ చూడండి. గ్రీన్ ఎడమన నిటారు గోడ ఉన్న ఒకే ఒక్క లోతైన గుంత, అవతల రోడ్డు. నేల వాలే బంతిని గుంతలోకి లాగుతుంది. దానికి జడిసి అవతలికి గట్టిగా కొడితే రోడ్డు మీద పడుతుంది. 1978 బ్రిటిష్ ఓపెన్‌లో టామీ నకజిమా గ్రీన్ మీదికి చేరాక కూడా పట్టింగ్ చేస్తూ ఈ గుంతలోనే పడేసుకున్నాడు. ఆ హోల్‌కు తొమ్మిది స్ట్రోకులు. అయినా ఆ గుంత అక్కడ ఉందని తెలియలేదని ఎవరూ అనలేరు. వెయ్యింటి కన్నా ఆ ఒక్కటి మేలు.

చరిత్రంటారా? స్కాట్లండ్ తీరంలో గాలి చెక్కిన ఇసుక, గొర్రెలు చలిగాలికి తలదాచుకున్న పల్లాలే తొలి బంకర్లని చెబుతారు. గీసి తవ్వడం ఆ తర్వాతి సంగతి.

బాక్స్: పేరున్న గుంతలు

ఓల్డ్ కోర్సులో 112 బంకర్లు. ‘నరకం’, ‘శవపేటికలు’, ‘ప్రిన్సిపాల్ ముక్కు’ వంటి పేర్లు. 1995 ఓపెన్‌లో జాక్ నిక్లాస్ నరకంలో చిక్కి ఆ హోల్‌కు పది స్ట్రోకులు తీసుకున్నాడు. 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లలో ఒక్క బంకర్‌లోనూ పడకుండా గెలిచాడు.

2019 నుంచి బంకర్‌లోని ఆకులు, పుల్లలు తీసేయొచ్చు. స్ట్రోక్ ప్లేలో బంతి వెనకాలే ఇసుకకు క్లబ్ ఆనిస్తే మాత్రం జరిమానా ఇప్పటికీ రెండు స్ట్రోకులే.