పాత కరెంటు కొలిమి కొనొచ్చా?



మన ఆలంపూర్‌లో చదువు నేర్చుకున్న ఒక అక్కది కమ్మరి ఇల్లు. ఒకరోజు ఆమె అడిగింది. "పంతులమ్మా! పాత సామాన్ల కాడ కరెంటు కొలిమి ఉన్నది. తెస్తే తిత్తి ఊదే బాధ తప్పుతది. తేవచ్చునా?"

ఇది మంచి ప్రశ్న. అందరం తెలుసుకుందాం.

కొలిమి పని ఏమిటి?

కొడవలికి పదును నిలవాలి. అందుకు ఉక్కును ఎర్రగా కాల్చాలి. వెంటనే నీళ్లలోగానీ నూనెలోగానీ ముంచాలి. అప్పుడు గట్టిపడుతుంది. కానీ పెళుసుగా ఉంటుంది. రాయి తగిలితే విరుగుతుంది. అందుకే మళ్లీ కొంచెం వేడి చేస్తారు. ఈసారి 200 నుంచి 300 డిగ్రీలు చాలు. ఉక్కు మీద మొదట పసుపు, తర్వాత నీలం రంగు వస్తుంది. రంగు చూసి కమ్మరి ఆపుతాడు.

ఈ విద్య మనకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో వెనకటికే మేలైన ఉక్కు చేశారు. పర్షియా వర్తకులు వచ్చి కొన్నారు.

కొనే ముందు ఏం చూడాలి?

ప్లగ్గు పెట్టకుండానే లోపల చూడండి. ఇటుకలు పగిలాయా? చుట్టల తీగ తెగిందా? పాత కొలిమిలో తెల్లని పీచు, అట్ట ఉంటే ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గీకొద్దు, ఊదొద్దు, కొనొద్దు.

3000 వాట్ల కొలిమి 13 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. చిన్న ప్లగ్గు కాలిపోతుంది. పని తెలిసిన మనిషితో వేరే లైను, ఎర్త్ పెట్టించండి.

మొదటిసారి ఖాళీగా, మెల్లగా వేడి చేయండి. పిల్లల్ని దూరం ఉంచండి.

వేడి సరిపోయిందా? కరెంటు ఆపి, ఇనుప ముక్క తీసి, అయస్కాంతం దగ్గర పెట్టండి. 770 డిగ్రీలు దాటిన ఇనుము దానికి అంటదు.

ప్రాణం కాపాడే మాట

లోపలి తీగకు కప్పు లేదు. ఇనుప పట్టకారు తగిలితే షాకు కొడుతుంది. కాబట్టి తలుపు తెరిచే ముందు కరెంటు ఆపాలి. ప్రతిసారీ ఆపాలి.

ఆ అక్క పోయి చూసింది. కొలిమికి ఎర్త్ తీగ లేదు. "బాగు చేయిస్తేనే పైసలిస్తా" అని చెప్పి తిరిగొచ్చింది. తిత్తి ఇంకొన్నాళ్లు ఊదొచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

మీ ఇంట్లో ప్లగ్గులకు ఎర్త్ ఉందా? ఈ రోజే అడిగి తెలుసుకోండి.