ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ.. కరిగించే ఇంజెక్షనా? బ్లడ్ థిన్నరా? డాక్టర్లు దేన్ని చూసి డిసైడ్ చేస్తారంటే!

ఇచ్చోడ: బైక్ మీద నుంచి పడి కాలు విరిగింది. సిమెంట్ కట్టు వేశారు. నెల రోజులు మంచం మీదే. ఒక రోజు పొద్దున లేచి నాలుగు అడుగులు వేశాడో లేదో.. ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో పోటు, చెమటలు, కళ్లు తిరిగి కింద పడ్డాడు. ఇలాంటిది జరిగితే ఇంట్లో వాళ్లు ముందు అనుకునేది గుండెపోటు అని. ఇంకొందరైతే గ్యాస్ అనుకుని ఈనో కలిపి తాగిస్తారు. కానీ ఇది మూడోది కూడా అయ్యుండొచ్చు. దాని పేరే పల్మనరీ ఎంబాలిజం.

కదలకుండా ఉన్న కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి, రక్తంతో పాటు గుండె కుడి వైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల నాళంలోకి వెళ్లి అడ్డంగా ఇరుక్కుంటుంది. చిన్నదైతే ఆయాసంతో పోతుంది. పెద్దదైతే గుండె కుడి వైపు తోసి తోసి అలసిపోయి, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయేది ఇక్కడే. ఆపరేషన్ అయినవాళ్లు, బాలింతలు, గర్భిణులు, క్యాన్సర్ పేషెంట్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు రిస్క్ ఎక్కువ. మన జిల్లాకు సంబంధించి ఇంకో మాట: ఆదివాసీ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్లలో కూడా రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువే. వాళ్లకు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "ఎప్పుడూ వచ్చే నొప్పే కదా" అని వదిలేయొద్దు.

మరి ట్రీట్‌మెంట్ ఏంటి? రెండు రకాల మందులున్నాయి. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

బ్లడ్ థిన్నర్ అనే పేరే కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. రక్తం నీళ్లలా పలచబడదు, ఉన్న గడ్డ కూడా దాంతో కరగదు. గడ్డ ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది అంతే. ఉన్నదాన్ని మెల్లగా కరిగించుకునే పని మన ఒంటిదే. హెపారిన్, ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్లు, వార్ఫరిన్, ఎసిట్రోమ్, రివరాక్సాబాన్, ఎపిక్సాబాన్ మాత్రలు ఈ లిస్టులోవే. హెపారిన్‌ను పంది పేగుల నుంచి తీస్తారు. ఈ ఇంజెక్షన్‌కు పేరున్న గ్లాండ్ ఫార్మా మన హైదరాబాద్‌దే, 1978లో మొదలైంది.

హెపారిన్ పని చేస్తుందని గట్టిగా తేలింది 1960లో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో. 35 మంది పేషెంట్లు. మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు ఈ గడ్డల వల్లే చనిపోయారు. మందు ఇచ్చిన 16 మందిలో అలా ఒక్కరూ పోలేదు. అప్పటి నుంచి బ్లడ్ థిన్నర్ దాదాపు అందరికీ ఇచ్చే మందైంది.

రెండో రకం, గడ్డను నేరుగా కరిగించేవి: ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్, స్ట్రెప్టోకైనేస్. గుండెపోటుకు ఇచ్చేవి కూడా ఇవే. ఆల్టెప్లేస్ అయితే మామూలుగా 100 మిల్లీగ్రాములు రెండు గంటల్లో ఎక్కిస్తారు.

అంత పవర్ ఉన్న మందు అందరికీ ఇచ్చేయొచ్చు కదా? అసలు తంటా అక్కడే. ఆ మందుకు చెడ్డ గడ్డ, మంచి గడ్డ అన్న తేడా తెలియదు. మెదడులోనో, కడుపులోనో, ఆపరేషన్ గాయంలోనో రక్తాన్ని ఆపుతున్న గడ్డను కూడా కరిగించేస్తుంది.

2014లో వచ్చిన పైథో అనే స్టడీ ఈ విషయంలో చాలా కీలకం. బీపీ బాగానే ఉంది, కానీ గుండె కుడి వైపు ఒత్తిడిలో పడింది.. అలాంటి 1,005 మందిని తీసుకున్నారు. సగం మందికి హెపారిన్‌తో పాటు టెనెక్టెప్లేస్, మిగతా సగానికి హెపారిన్ మాత్రమే. వారంలో చనిపోయినవాళ్లు, బీపీ కుప్పకూలినవాళ్లు కలిపి కరిగించే మందు తీసుకున్న వైపు 13 మంది, హెపారిన్ వైపు 28 మంది. ఇక్కడిదాకా మంచిదే. కానీ బ్రెయిన్ స్ట్రోక్ ఒకవైపు 12 మందికి, ఇంకోవైపు ఒక్కరికే. ఆ 12లో 10 మెదడులో రక్తస్రావాలే. చావులు మాత్రమే లెక్కేస్తే రెండు గ్రూపులకూ పెద్ద తేడా లేదు.

అందుకే ఇప్పుడు డాక్టర్లు ముందు చూసేది గడ్డ సైజు కాదు, బీపీ. పై బీపీ 90 కంటే కిందికి పడి, షాక్‌లోకి వెళ్తుంటే కరిగించే మందు ఇస్తారు. అక్కడ ఆలస్యమే పెద్ద ప్రమాదం. బీపీ బాగుంటే బ్లడ్ థిన్నర్‌తో మొదలుపెట్టి, ఎకో, ట్రోపోనిన్ టెస్టులతో గుండెను గమనిస్తూ, పరిస్థితి దిగజారితేనే ఇంజెక్షన్‌కు వెళ్తారు. గతంలో మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, ఈ మధ్యే స్ట్రోక్ వచ్చినవాళ్లకు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. వాళ్లకు పెద్దాసుపత్రుల్లో ట్యూబ్ పంపి గడ్డను లాగేసే పద్ధతి, సర్జరీ ఉన్నాయి.

ఇచ్చోడ నుంచి చూస్తే ఆదిలాబాద్ రిమ్స్ 30 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ 250 కిలోమీటర్లకు పైనే. గడ్డను కన్ఫర్మ్ చేసేది సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్. అయితే అనుమానం బలంగా ఉంటే, రక్తస్రావం రిస్క్ లేకపోతే, స్కాన్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా హెపారిన్ మొదలుపెట్టాలనేది అంతర్జాతీయ గైడ్‌లైన్ మాట. అంటే రెఫర్ చేసే ముందే మొదటి డోసు పడొచ్చు. 108 సిబ్బందికి, డాక్టర్‌కు "నెల కింద కాలికి కట్టు వేశారు", "ఒక కాలే వాచింది", "పది రోజుల కింద డెలివరీ అయింది" లాంటి ముక్క చెబితే చాలు, వాళ్ల ఆలోచన ఇటు మళ్లుతుంది. ఈసీజీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇది దొరక్కపోవచ్చు.

డిశ్చార్జ్ అయ్యాక బ్లడ్ థిన్నర్ కనీసం మూడు నెలలు వాడాలి, కొందరికి ఇంకా ఎక్కువ. ఆయాసం తగ్గింది కదా అని మధ్యలో ఆపేస్తే గడ్డ మళ్లీ కట్టొచ్చు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఐఎన్‌ఆర్ రక్త పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూరలు మానేయాల్సిన పని లేదు. ఒక వారం రోజూ పాలకూర, ఇంకో వారం అసలు ముట్టకపోవడం.. ఈ తేడానే మందును గాడి తప్పిస్తుంది. ఇంకోటి, మన ఊళ్లలో ఒళ్లు నొప్పులంటే చాలు ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. ఈ మందులు వాడుతూ ఆ సూది వేయించుకుంటే కడుపులో రక్తస్రావం కావొచ్చు, సూది గుచ్చిన చోట కండలో రక్తం చేరి ఉబ్బిపోవచ్చు. మందు చీటీ జేబులో పెట్టుకుని, సూది ఎవరు వేసినా ముందు అది చూపించండి.